జమాఖర్చుల్లో పుట్టిన పాట



కీర్తనలో ఖర్చుల పద్దు రాసిన వాగ్గేయకారుడు మన జిల్లావాడే. గుడి చుట్టూ ప్రాకారం కట్టించాను, ఇంత అయింది. భరతుడికి పచ్చల పతకం, ఇంత. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, ఇంత. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, దేని లెక్క దానిదే. చరణానికో పద్దు. చివరికి ఇదంతా చేయించుకుని నిలబడ్డ పెద్దమనిషి వైపు తిరిగి, ఈ డబ్బంతా ఎక్కడిదనుకుంటున్నావు, మీ నాన్న ఇచ్చాడా, మీ మామగారు పంపారా అని నిలదీస్తాడు.

ఆ పెద్దమనిషి భద్రాచల రాముడు. నిలదీసినవాడు నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహశీల్దారు. మనకు భక్త రామదాసు. ఖమ్మంలో కళాక్షేత్రానికి ఆయన పేరే, పాలేరు దగ్గర ఎత్తిపోతల పథకానికీ ఆయన పేరే. పేరు ఇన్నిచోట్ల పెట్టుకున్నాక మనిషిని కొంచెం మరిచిపోతాం. ఆయన భక్తి గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు, చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పాటగాడిగా ఆయన చేసిన సాహసం గురించి ఈ పూట మాట్లాడతాను. మనసు విరిగిన మనిషి తన బాధను ఏ ఒక్క పాటరకంలోనూ ఇమడ్చలేక, చేతికందిన ప్రతి మాటతీరునూ కీర్తనలోకి లాక్కొచ్చాడు. ఈ మాట చెప్పడానికి నాలాంటివాళ్ళం మూడొందల ఏళ్ళు ఆలస్యంగా వచ్చాం గానీ, ఇవాళ్టి భాషలో అయితే ఆ పాటల వరసను ఆల్బం అనేవాళ్ళం.

కథ తెలిసిందే కనుక గబగబా దాటేద్దాం. తండ్రి లింగన్న మంత్రి, ఆత్రేయ గోత్రం. ఈ వివరాలు గోపన్న తన దాశరథీ శతకంలోనే చెప్పుకున్నాడు. 1672లో గోల్కొండ గద్దె ఎక్కిన అబుల్ హసన్ తానాషా కొలువులో అక్కన్న, మాదన్నలు పెద్ద పదవుల్లో ఉన్నారు. వాళ్ళు ఈయనకు మేనమామలని చెప్పుకుంటారు. అలా పాల్వంచ పరగణా ఉద్యోగం వచ్చింది. వసూలైన శిస్తు గోల్కొండకు వెళ్ళకుండా గోదావరి ఒడ్డున గుడి అయింది. ఆరు లక్షల వరహాల బాకీ, పన్నెండేళ్ళ జైలు, చివరికి రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా రాత్రిపూట వచ్చి బాకీ కట్టి రసీదు పుచ్చుకోవడం, ఇదీ జనం నోట నడిచిన కథ. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు చెక్కి ఉంటారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక, జైల్లో పెట్టిన తానాషా కూడా దౌలతాబాద్ కోటలో ఖైదీ అయ్యాడు, ప్రాణం పోయేదాకా అక్కడే. ఆయన పాటలు కట్టినట్టు ఎవరూ చెప్పుకోరు.

మళ్ళీ లెక్కల పాటకు వద్దాం. దీన్ని ఇక్ష్వాకు కులతిలక కీర్తన అంటాం. ఆ పద్దు ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ప్రాకారానికీ పదివేలే, పతకానికీ పదివేలే. రాతిగోడకూ సీతమ్మ మెళ్ళో నగకూ ఒకే ధర ఎలా అవుతుంది? పైగా ఒక చోట వరహాలు, ఇంకో చోట మొహరీలు. వరహా విజయనగరం నాటి నుంచి మన దక్షిణాదిన చెలామణీ అయిన నాణెం, మొహరు నవాబుల పక్క మాట. తానాషా తహశీల్దారు సంచిలో రెండూ ఉండేవి, పాటలోనూ రెండూ పడ్డాయి. నా మటుకు నాకు ఆ పదివేలు నిజం లెక్కలా వినిపించదు. కొరడా దెబ్బలు తింటున్నవాడు కచ్చితమైన అంకెలు చెప్పడు. ఒకే అంకెను మళ్ళీ మళ్ళీ అంటాడు. మన ఇళ్ళలో గొడవ జరిగినప్పుడు చూడండి, నీకోసం ఇది చేశాను, అది చేశాను, అది కూడా చేశాను అని వేళ్ళు మడిచి చెప్పే ఆడపడుచు గొంతు అది. లెక్క రాసే చేతికి ఏడుపు వస్తే పద్దు అలాగే ఉంటుంది.

తర్వాత చరణం చూడండి. అంత మాట అనేశాడు కదా, వెంటనే వెనక్కి తగ్గుతాడు. తిట్టానని మనసు కష్టపెట్టుకోకు, దెబ్బలు ఓర్చుకోలేక నోరు జారాను అంటాడు. ఆ తర్వాత నన్ను ఏలుకో అని ముగింపు. ఈ మూడు మలుపులూ ఒకే పాటలో, ఒకే బాణీలో వస్తాయి. పద్దు చదివిన బాణీలోనే తిట్టు, తిట్టిన బాణీలోనే క్షమాపణ. మంచి పాటగాడికి తప్ప ఇది కుదరదు. బాణీ మారిస్తే అది నాటకం అయిపోయేది. మార్చలేదు కనుక ఒక మనిషి ఊపిరి తీసుకోకుండా మాట్లాడినట్టే ఉంటుంది.

దీని పక్కన పలుకే బంగారమాయెనా పెట్టి వినండి. ఇందులో లెక్కలూ లేవు, తిట్లూ లేవు. అవతలి మనిషి మాట్లాడటం మానేశాడు, అదొక్కటే బాధ. పిలిచినా పలకవేం అని అడుగుతాడు. కలలో కూడా నిన్ను మరవనంటాడు. ఆ తర్వాత వాదన మొదలు. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించావు కదా, రాయిని ఆడదాన్ని చేశావు కదా అని పాత సంగతులు ఎత్తుతాడు. ఉడుత మీద అసూయపడిన ప్రేమికుడు లోకంలో ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలీదు. ఇవాళ ఈ పాట ఆనందభైరవిలో వింటున్నాం. జానపదం నుంచి కచేరీకి నడిచి వచ్చిందని సంగీతజ్ఞులు చెప్పే పాత రాగం అది. అలక, లాలింపు రెండూ ఒకేసారి పలుకుతాయి అందులో. దయ ఏ రకంగా చూపిస్తావో అని అడిగే ఇంకో కీర్తన నాదనామక్రియలో పాడతారు. ఆ రాగంలో గొంతు పై షడ్జం దాకా పోదు, నిషాదం దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుంది. ఎంత ఆర్తి ఉన్నా గొంతెత్తి అరవలేని మనిషికి ఇంతకంటే సరైన రాగం దొరకదు.

ఇక సీతమ్మతో మొరపెట్టుకునే పాట. అయ్యవారు వినడం లేదు కనుక అమ్మవారిని ఆశ్రయిస్తాడు. ఏకాంతంలో ఉన్నప్పుడు, ఆయన మనసు చల్లగా ఉన్నప్పుడు, నా మాట ఒకటి చెవిలో వెయ్యమ్మా అని వేడుకోలు. ఉద్యోగం చేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. పెద్ద కచేరీలో కదలని కాగితం లోపలి ఇంట్లోంచి చెప్పిస్తే కదులుతుంది. ఆలయ భక్తిలోకి ఆఫీసు సిఫార్సును ఇంత మృదువుగా తీసుకొచ్చినందుకు నవ్వూ వస్తుంది, గుండే కరుగుతుంది.

రామజోగి మందు పాట సంగతి వేరు. సంచి భుజాన వేసుకుని, మూలికలు పట్టుకుని, వీధి వీధికీ తిరిగి మందు అమ్మే జోగులు ఉండేవారు కదా, ఆ కేక తీసుకొచ్చి కీర్తన చేశాడు. కొనండి బాబూ, ఇదిగో మందు, ఈ జబ్బు పోతుంది, ఆ జబ్బు పోతుంది అనే ధోరణి. సరుకేమో రామనామం. ఇన్ని దిగులు పాటల మధ్య ఈ సంత కేక ఒకటి పెట్టకపోతే ఆ పాటల వరస మొత్తం బరువుతో కుంగిపోయేది.

ఈయనకు వేరే విద్య రాక ఇలా కట్టాడనుకుంటే పొరపాటు. దాశరథీ శతకం తెరిచి చూడండి. ఉత్పలమాలలు, చంపకమాలలు, యతి ప్రాసలు ఎక్కడా తొణకవు, బిగువైన సమాసాలు. పండితులు బళ్ళో పిల్లలచేత బట్టీ పట్టించిన శతకం. ఆ చేత్తోనే మందులవాడి కేకా రాశాడు, అప్పులవాడి పద్దూ రాశాడు. పండితుడిగా బతకగలిగి కూడా పల్లె గొంతు ఎంచుకున్నాడు. కబీర్‌దాసు వచ్చి ఆయనకు తారకమంత్రం ఉపదేశించాడని ఒక కథ ఉంది. కాలం లెక్క కుదరదు, కబీరు అంతకు ఎంతో ముందువాడు. అయినా ఆ కథ ఎందుకు పుట్టిందో ఊహించవచ్చు. ఇన్ని గొంతులు కలిపి పాడినవాడికి జనం తగిన గురువును వెతికి పెట్టారు.

ఇక్కడ ఒక్క నిమిషం సముద్రం దాటి వెళ్దాం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో గోల్డెన్ అని ఒక చిన్న ఊరు. అక్కడ పుట్టిన కేసీ మస్‌గ్రేవ్స్ కంట్రీ సంగీతం పాడుతుంది, పాటలు తనే రాసుకుంటుంది. కంట్రీ అంటే వాళ్ళ పల్లెల సంగీతం, గిటారు, ఫిడేలు, పొలాలూ సారాకొట్లూ తెగిపోయిన ప్రేమలూ. 2018లో కొత్త పెళ్ళి సంబరంలో గోల్డెన్ అవర్ అనే ఆల్బం చేసింది, మరుసటి ఏడాది గ్రామీ అవార్డుల్లో ఆ ఏటి ఆల్బంగా నిలిచింది. 2020లో ఆ పెళ్ళి విడాకులతో ముగిసింది. 2021లో స్టార్‌క్రాస్డ్ అని ఇంకో ఆల్బం తెచ్చింది. మూడంకాల విషాద నాటకంలా దాన్ని నడిపి, చివర చిలీ దేశపు గాయని వియొలెతా పార్రా కట్టిన స్పానిష్ పాటతో ముగించింది. పల్లె బాణీకి డిస్కో, పాప్ అన్నీ కలిపింది. అప్పుడు గ్రామీలవాళ్ళు కూర్చుని ఇది కంట్రీ ఆల్బం కాదు, పాప్ విభాగంలో పోటీ పడమన్నారు. చిత్రమేమిటంటే అందులోని ఒక పాటకు మాత్రం కంట్రీ పాటల్లో నామినేషన్ ఇచ్చారు. ఇల్లు తనది కాదంటారు గానీ ఒక గది మాత్రం తనదేనంటారు.

నవ్వుకుంటాం గానీ మన రామదాసు విషయంలో మనం చేసిందీ ఇలాంటిదే. ఆయన పాటలకు పల్లవి, దాని వెంట వరసగా చరణాలు. చరణాలన్నీ ఒకే వరస మీద నడుస్తాయి. ఒకరు చెబితే పదిమంది అందుకోవడానికి వీలైన కట్టుబాటు. కనుక అవి భజన మందిరాల్లో, నవమి పందిళ్ళలో, చెక్కలూ తాళాలూ పట్టుకున్న చేతుల్లో బతికాయి. సంగీత పండితులు చాలాకాలం వాటిని భజన పాటలంటూ పక్కన పెట్టారు. తంజావూరు దగ్గర త్యాగయ్య మాత్రం పక్కన పెట్టలేదు. రామదాసు చెర విడిపించిన సంగతి విన్నానయ్యా అని తన కృతిలో రాముడికే గుర్తు చేశాడు. ఆయన దివ్యనామ కీర్తనల్లోనూ ఇదే కట్టు, ఒకే బాణీలో అనేక చరణాలు. నేలకొండపల్లి దారి తిరువయ్యారు దాకా పోయిందన్నమాట.

ఈ పాటలకు కచేరీ దారి తెరిచినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో పొద్దున్నే ఆ గొంతు రామదాసును ఇంటింటికీ మోసింది. నేను రేడియోలో కూర్చుని రేడియోను పొగుడుతున్నాననుకోకండి, నిజం అలా ఉంది. నేదునూరి కృష్ణమూర్తి ఈ కీర్తనలకు రాగాలు కూర్చి శిష్యులకు నేర్పారు. 1980లో శంకరాభరణం సినిమాలో వాణీ జయరాం పాడాక, అంతకుముందు ఈ పాటల జోలికి రానివాళ్ళు కూడా పాడుకున్నారు. సినిమాలంటే గుర్తొచ్చింది, చిత్తూరు నాగయ్య తానే తీసి నటించిన భక్త రామదాసు 1964 నాటిది, కీరవాణి సంగీతంతో శ్రీరామదాసు వచ్చింది 2006లో. వీటన్నిటిలో బాణీలకు మెరుగు పెట్టారు, నునుపు చేశారు. నాకు దాని మీద ఫిర్యాదు లేదు గానీ, ఒక్క మాట. కచేరీలో విన్నప్పుడు ఆర్ద్రత తెలుస్తుంది, దెబ్బలాట తెలియదు. దెబ్బలాట తెలియాలంటే పల్లె భజనలోనే వినాలి. వెనక పదిమంది అందుకుని అదే ప్రశ్న రాముణ్ణి మళ్ళీ అడుగుతారు. ఒక్కడి గోడు ఊరి గోడు అవుతుంది.

ఈ అడవి అంచున విరిగిన మనసులకు ఇంకో పాటల వరస కూడా ఉంది. కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళేవాళ్ళు పాల్వంచ దాటుతూ కిన్నెరసాని వాగు మీదుగా పోతారు. ఇప్పుడది మనకు డ్యాము, జింకల పార్కు, ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళే చోటు. విశ్వనాథ సత్యనారాయణకు అది ఒక కోడలు. 1920లలో ఆయన కిన్నెరసాని పాటలు రాశారు. అత్త పోరు పడలేని కిన్నెర అడవిలోకి పరుగెత్తుతుంది. భర్త చెడ్డవాడు కాదు, తల్లికీ భార్యకూ మధ్య నలిగినవాడు. వెంటపడి వెళ్ళి ఆమెను కౌగిట పట్టుకుంటాడు. ఆ చేతుల్లోనే ఆమె కరిగి వాగైపోతుంది. అతను ఏడ్చి ఏడ్చి బండరాయైపోతాడు. అక్కడి నుంచి కిన్నెర పుట్టుక, నడకలు, నృత్యం, సంగీతం, దుఃఖం అంటూ ఒక్కో ఖండికగా ఆ కథ గోదావరి సంగమం దాకా సాగుతుంది. కోపంతో వచ్చేసినందుకు ఆమెకు పశ్చాత్తాపం, ఆ రాతిని విడిచి పోలేదు, నీరైపోయింది కనుక ఆగనూ లేదు.

తర్వాత రామాయణ కల్పవృక్షం రాసి 1970 జ్ఞానపీఠం తీసుకున్న మహాపండితుడు, యువకుడిగా ఉన్నప్పుడు పద్యాన్ని పక్కన పెట్టి, పల్లె పాటల నడకలో, మాత్రల లెక్కతో గేయం కట్టాడు. అదే సమయంలో నండూరి సుబ్బారావు ఎంకి పాటలు కూడా ఊళ్ళు తిరుగుతున్నాయి. విశ్వనాథ తన పాటల్ని తనే సభల్లో గొంతెత్తి పాడేవారు. 1984లో సితార సినిమా కోసం వేటూరి కలం పట్టేనాటికి కిన్నెరసాని అన్న పేరుకే ఒక నడక, ఒక వెన్నెల అంటుకుని ఉన్నాయి. ఒక వాగుకు అంత పేరు రావడం పూర్తిగా ఆ పాటల పుణ్యం. రామదాసు పాటల్లో నొచ్చుకున్నది ఒక్కడే, అవతలివాడు మౌనం. కిన్నెర కథలో నొచ్చుకున్నది ఇద్దరూ, నిందించడానికి ఎదురుగా ఎవరూ లేరు. నన్నడిగితే తిట్టడానికి ఒక రాముడు దొరికిన గోపన్నే అదృష్టవంతుడు.

ఇంకో గొంతు గురించి చెప్పకపోతే ఈ అడవికి అన్యాయం. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య డోలి కళాకారుడు. కోయల పూర్వీకుల కథలు, సమ్మక్క సారలమ్మల పోరూ చావూ, డోలు వాయిస్తూ రాత్రంతా పాడేవారు. పుస్తకం లేదు, అంతా నాలుక మీదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. రామదాసు పాటకు ముందు తాళపత్రాలు, తర్వాత అచ్చు పుస్తకం, ఆపైన రేడియో, సినిమా, కచేరీ అన్నీ దొరికాయి. డోలి పాటకు దొరికింది చివర్లో ఒక పతకం. భద్రగిరి మీద రాముణ్ణి మొదట చూసింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం చెబుతుంది. ఆ దమ్మక్క వైపు వాళ్ళ పాటల్ని వరసగా రికార్డు చేసి భద్రపరిచే పని మన విశ్వవిద్యాలయాలు, మన ఆకాశవాణి ఇంకా ముమ్మరం చేయాలి. పాడేవాళ్ళు వయసు మీరుతున్నారు.

ఇంతసేపూ విన్నారు కనుక, రామదాసును కొత్తగా వినాలనుకునేవాళ్ళకు ఒక వరస చెబుతాను. ముందు పలుకే బంగారమాయెనా బాలమురళి గొంతులో వినండి. దాని వెంట సీతమ్మకు చెప్పుకునే మొర. ఆ తర్వాత మందులవాడి కేక, కాస్త తేలికపడతారు. అప్పుడు లెక్కల పాట. అది మాత్రం మీ ఊళ్ళో భజన చేసేవాళ్ళ నోట వినండి, వీలైతే నవమి పందిట్లో.

పాడేవాళ్ళకు ఒక మనవి ఉంది. టైము చాలదని ఆ పాటలో చరణాలు తగ్గిస్తుంటారు. తగ్గించుకోండి, తప్పులేదు. నగల చరణాల్లో ఒకటో రెండో వదిలేసినా రాముడు ఏమీ అనుకోడు, పదివేల లెక్క ఎటూ తేలేది కాదు. తిట్టిన చరణాన్నీ దాని వెనకే వచ్చే క్షమాపణ చరణాన్నీ మాత్రం విడదీయకండి. మొదటిది ఒక్కటే పాడితే గోపన్న పొగరుబోతు అవుతాడు, రెండోది ఒక్కటే పాడితే మామూలు దాసుడు అవుతాడు.